మూడవ రిచర్డ్ (నాటకం)

మూడవ రిచర్డ్ ఆంగ్ల నాటకకర్త విలియం షేక్స్‌పియర్ రచించిన చారిత్రక నాటకం. ఇది సుమారు 1592 - 1594 మధ్య కాలంలో వ్రాయబడినదని పండితుల అభిప్రాయం. అన్నను, అన్న కొడుకులను, భార్యను, స్నేహితులను ఒకరి తరువాత ఒకరిని తప్పించి ఇంగ్లండు సింహాసనాన్ని ఆక్రమించి, రెండేళ్ళు దాటిన కొద్దికాలానికే యుద్ధభూమిలో హతుడైన రాజు కథ ఇది. ఇంత నెత్తురు పారే ఈ నాటకంలో ప్రేక్షకులు మొదటి మూడు అంకాలలో తరచు నవ్వుతూనే ఉంటారు. ఆ నవ్వు పుట్టించేవాడు విదూషకుడు కాదు, హంతకుడే. చావును, ద్రోహాన్ని, దుఃఖాన్ని వస్తువుగా తీసుకొని పుట్టించే ఇటువంటి హాస్యాన్ని ఇప్పుడు బ్లాక్ హ్యూమర్ అంటున్నారు. ప్రేక్షకులను తనవైపు తిప్పుకొనే ప్రతినాయకునికి పాశ్చాత్య రంగస్థలంపై మొదట గుర్తుకువచ్చే ఉదాహరణ ఈ రిచర్డ్ పాత్ర.

షేక్స్‌పియర్ నాటకాలలో హామ్లెట్ తరువాత అతి పెద్దది ఇదే. అందువలన దీనిని పూర్తిగా ప్రదర్శించడం అరుదు.

రచన, ముద్రణ

ఆరవ హెన్రీ పేరుతో ఉన్న మూడు నాటకాలకు ఇది కొనసాగింపు. నాలుగూ కలిపి చూస్తే యార్క్, లాంకాస్టర్ వంశాల మధ్య జరిగిన గులాబీ యుద్ధాల కథ పూర్తి అవుతుంది. 1597లో మొదటిసారి చిన్న పుస్తకంగా అచ్చయినప్పుడు దానిపై రచయిత పేరు లేదు. 1598 ముద్రణలో పేరు చేరింది. 1623లో షేక్స్‌పియర్ నాటకాల బృహత్ సంపుటం వెలువడేలోగా ఇది ఆరు మార్లు అచ్చయింది. ఆ కాలపు నాటకానికి ఇది చాలా పెద్ద ఆదరణ. 1597 ప్రతి దీనిని విషాదాంత నాటకమని పేర్కొనగా, 1623 సంపుటం చారిత్రక నాటకాలలో చేర్చింది.

కథకు ఆధారాలు ఎడ్వర్డ్ హాల్ (1548), రాఫెల్ హోలిన్‌షెడ్ (1577, 1587) వ్రాసిన చరిత్రలు. ఆ ఇద్దరూ రిచర్డ్ విషయంలో థామస్ మోర్ 1513 ప్రాంతంలో మొదలుపెట్టిన రిచర్డ్ చరిత్రపై ఆధారపడ్డారు. మోర్ బాల్యంలో జాన్ మోర్టన్ ఇంట్లో పెరిగాడు. మోర్టన్ రిచర్డ్‌కు బద్ధశత్రువు. నాటకంలో స్ట్రాబెర్రీ పండ్లు తెప్పించే ఈలీ బిషప్ ఈయనే. మోర్ రచనలో అప్పటికే వ్యంగ్యం దట్టంగా ఉన్నది. కనుక రిచర్డ్ చుట్టూ అల్లుకున్న నవ్వు షేక్స్‌పియర్ ఒక్కడి సృష్టి కాదు.

కథా సంగ్రహం

యార్క్ వంశం గెలిచి నాలుగవ ఎడ్వర్డ్ రాజుగా ఉన్నాడు. అతని తమ్ముడు గ్లోస్టర్ ప్రభువు రిచర్డ్. వంకర శరీరంతో పుట్టిన రిచర్డ్‌కు శాంతికాలపు విలాసాలలో చోటు లేదు, కనుక దుర్మార్గుడినే అవుతానని నిశ్చయించుకుంటాడు. తన మరో అన్న క్లారెన్స్‌పై రాజుకు అనుమానం పుట్టించి, చెరసాలలో చంపిస్తాడు. తాను చంపిన యువరాజు భార్య ఆన్‌ను పెళ్ళాడతాడు. రోగి అయిన ఎడ్వర్డ్ మరణించగానే బకింగ్‌హామ్ ప్రభువు సహాయంతో రాణి బంధువులను, హేస్టింగ్స్ ప్రభువును చంపించి, అన్న కొడుకులను లండన్ టవర్‌లో పెట్టి తాను రాజవుతాడు. తరువాత ఆ పిల్లలను చంపిస్తాడు. ఆన్ కూడా మరణిస్తుంది. బకింగ్‌హామ్ తిరగబడి పట్టుబడి శిరచ్ఛేదం పొందుతాడు. చివరకు ఫ్రాన్సు నుండి వచ్చిన రిచ్‌మండ్ ప్రభువు బోస్వర్త్ యుద్ధంలో రిచర్డ్‌ను చంపి ఏడవ హెన్రీగా రాజవుతాడు.

చరిత్రలో ఈ సంఘటనలు 1471 నుండి 1485 వరకు, అనగా పద్నాలుగేళ్ళలో జరిగినవి. నాటకంలో అవి కొద్ది రోజులలో జరిగినట్లు ఊపిరి సలపకుండా సాగుతాయి.

ప్రేక్షకులతో పొత్తు

నాటకం రిచర్డ్ స్వగతంతోనే మొదలవుతుంది. రంగస్థలంపై మరెవరూ ఉండరు. తన పథకం ఏమిటో, ఎవరిని ఎలా మోసం చేయబోతున్నాడో అతను నేరుగా ప్రేక్షకులకు చెబుతాడు. చెప్పిన మరుక్షణమే క్లారెన్స్‌ను భటులు తీసుకొని వస్తారు. రిచర్డ్ ఏమీ ఎరుగనట్లు జాలిపడతాడు. క్లారెన్స్ అసలు పేరు జార్జి. 'జి' అక్షరంతో పేరు మొదలయ్యేవాడు రాజు పిల్లల రాజ్యాన్ని హరిస్తాడని ఎవరో జోస్యం చెప్పగా రాజు భయపడి అతనిని చెరసాలకు పంపుతున్నాడు. గ్లోస్టర్ అనే బిరుదు కూడా అదే అక్షరంతో మొదలవుతుందన్న సంగతి ఎవరికీ తట్టదు. అన్నను ఓదార్చి పంపి, అతను అటు వెళ్ళగానే, ఆయనంటే నాకెంత ప్రేమంటే త్వరలోనే స్వర్గానికి పంపిస్తాను అన్న అర్థం వచ్చే మాట ప్రేక్షకులతో అంటాడు.

ఇక్కడ పనిచేస్తున్న సూత్రం తేలికైనది. నాటకంలో నిజం తెలిసినవారు ఇద్దరే: రిచర్డ్, ప్రేక్షకుడు. మిగిలిన పాత్రలన్నీ అమాయకంగా కనిపిస్తాయి. మోసపోయేవారికంటే మోసం చేసేవాడితో రహస్యం పంచుకోవడం హాయిగా ఉంటుంది. తెలివి తక్కువవారి పక్షాన నిలబడటానికి ఏ ప్రేక్షకుడూ ఇష్టపడడు. ఆ విధంగా మొదటి పది నిమిషాలలోనే ప్రేక్షకుడు నేరంలో భాగస్వామి అవుతాడు.

మన అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే రిచర్డ్ ఒకే సమయంలో ప్రతినాయకుడు, సూత్రధారుడు, విదూషకుడు కూడా. దశరూపకం ప్రతినాయకుని ధీరోద్ధతుడు, లుబ్ధుడు, పాపి అని నిర్వచించింది. ఆ లక్షణాలన్నీ రిచర్డ్‌కు సరిపోతాయి. అయితే కథను నడిపే అధికారం, నవ్వించే హక్కు కూడా అతనికే ఇవ్వడం ఆ నిర్వచనానికి అందని విషయం. నాటకంలోని పంక్తులలో దాదాపు మూడవ వంతు రిచర్డ్‌వే.

ఈ పాత్రకు పూర్వికులు లేకపోలేదు. మధ్యయుగపు ఆంగ్ల నీతి నాటకాలలో 'వైస్' అనే పాత్ర ఉండేది. పాపానికి మానవరూపమైన ఈ పాత్ర ప్రేక్షకులతో పరిహాసాలాడుతూ, మాటకు రెండర్థాలు కల్పిస్తూ కథానాయకుని చెడగొట్టేది. జనం చూడవచ్చేది చాలావరకు ఆ పాత్రనే. మూడవ అంకంలో బాలరాజుతో మాట్లాడుతూ ద్వంద్వార్థం పలికిన రిచర్డ్ తనను తానే ఆ పాత్రతో పోల్చుకుంటాడు. రెండవ పూర్వికుడు క్రిస్టఫర్ మార్లో వ్రాసిన 'మాల్టా యూదుడు' నాటకంలోని బారబాస్. ఒక మఠంలోని సన్యాసినులందరికీ గంజిలో విషం కలిపి చంపి సంతోషించే ఈ పాత్రను చూసి టి.ఎస్. ఎలియట్ ఆ నాటకాన్ని ప్రహసనంగా చూడాలన్నాడు.

శవపేటిక పక్కన పెళ్ళిమాట

మొదటి అంకం రెండవ రంగం ఈ నాటకానికి గుండెకాయ. రిచర్డ్ చేతిలో మరణించిన ఆరవ హెన్రీ రాజు శవాన్ని అంత్యక్రియలకు తీసుకొని వెళుతున్నారు. వెంట నడుస్తున్నది కోడలు ఆన్. ఆమె భర్తను చంపినవాడు కూడా రిచర్డే. దారి మధ్యలో రిచర్డ్ శవయాత్రను ఆపుతాడు. హంతకుడు సమీపించడంతో శవం గాయాల నుండి మళ్ళీ నెత్తురు కారుతుంది (ఇది ఆ కాలపు జనుల విశ్వాసం). ఆన్ అతనిని శపిస్తుంది. అతనికి భార్య అయ్యే స్త్రీ తనకంటే ఎక్కువ దుఃఖపడాలని కూడా అంతకుముందే శపించి ఉంటుంది.

ఆ తరువాత జరిగే సంభాషణ కత్తిసాములా ఉంటుంది. ఆమె ఒక మాట అంటే అతను దానినే తిప్పి మరో అర్థంలో అంటాడు. రాజు పుణ్యాత్ముడని ఆమె అంటే, అటువంటివాడు ఉండవలసింది స్వర్గంలోనే కదా, అక్కడికి పంపినందుకు నాకు కృతజ్ఞత చెప్పాలి అన్న ధోరణిలో జవాబిస్తాడు. నీకు తగిన చోటు నరకమేనని ఆమె అంటే, కాదు, నీ పడకగది అంటాడు. ఆమె ముఖాన ఉమ్ముతుంది. అతను కోపగించుకోడు. నీ అందమే ఈ హత్యలకు కారణమని చెప్పి, మోకాళ్ళపై కూర్చొని, రొమ్ము తెరచి, తన కత్తి ఆమె చేతికిచ్చి చంపమంటాడు. ఆమె చంపలేదు. కత్తి జారిపోతుంది. రంగం ముగిసే సమయానికి అతని ఉంగరం ఆమె వేలికి ఉంటుంది.

ఆమె వెళ్ళగానే రిచర్డ్ ప్రేక్షకుల వైపు తిరిగి ఇటువంటి పరిస్థితిలో ఏ స్త్రీనైనా ఎవరైనా గెలిచారా అని ఆశ్చర్యపోతాడు. తాను ఇంత అందగాడినని ఇంతకాలం తెలియలేదని, అద్దం కొనుక్కోవాలని, దర్జీలను కుదుర్చుకోవాలని చమత్కరిస్తాడు. ప్రేక్షకులు నవ్వుతారు. శవాన్ని అప్పుడే వేదికపై నుండి మోసుకొని వెళ్ళి ఉంటారు.

ఆన్ ఎందుకు లొంగిపోయింది అన్న ప్రశ్నకు విమర్శకులు నాలుగు వందల ఏళ్ళుగా జవాబులు చెబుతున్నారు. మామ, భర్త ఇద్దరూ పోయి, ఓడిపోయిన వంశంలో ఒంటరిగా మిగిలిన ఆమెకు గెలిచినవారి ఇంటివాడు తప్ప దిక్కు లేదన్నది ఒక జవాబు. చంపే అవకాశం ఇచ్చినట్లే ఇచ్చి ఆమెను నేరంలోకి లాగాడన్నది మరొకటి. ఒక పతిత ఆత్మను ఉద్ధరిస్తున్నానన్న భ్రమలో పడిందని ఇంకొందరు అంటారు. రచయిత ఏదీ తేల్చి చెప్పలేదు. అయితే ఒక విషయం గమనించదగినది. రిచర్డ్ మాటకారితనానికి ఆన్ ఎలా లొంగిపోయిందో, ఇతను హంతకుడని తెలిసి కూడా అతని మాటలకు నవ్వుతున్న ప్రేక్షకుడు కూడా అలాగే లొంగిపోయాడు. కాబట్టి ఆమెను తప్పుపట్టే హక్కు అతనికి అంతగా ఉండదు. నాలుగవ అంకంలో ఆన్ మళ్ళీ కనిపించి, ఆ రోజు తాను పెట్టిన శాపం తనకే తగిలిందని, రిచర్డ్ పక్కన ఒక్క రాత్రి కూడా నిద్రపోలేదని చెబుతుంది. అక్కడ ఎవరూ నవ్వరు.

హంతకులు, పండ్లు, ప్రార్థనా పుస్తకం

క్లారెన్స్‌ను చంపడానికి వచ్చిన ఇద్దరు హంతకుల రంగం కూడా ఇటువంటి మిశ్రమమే. అంతకు కొద్ది క్షణాల ముందే క్లారెన్స్ తాను సముద్రంలో మునిగిపోయినట్లు వచ్చిన పీడకలను చెప్పి ఉంటాడు. ఆ కవిత్వం నుండి నాటకం ఒక్కసారిగా బజారు మాటలలోకి దిగుతుంది. రెండవ హంతకునికి అంతరాత్మ అడ్డం వస్తుంది. ఇరవై అంకెలు లెక్కపెట్టేలోగా ఆ జబ్బు తగ్గిపోతుందంటాడు. అంతలో మొదటివాడు కూలి సంగతి గుర్తుచేయగానే తగ్గిపోతుంది. నీ అంతరాత్మ ఎక్కడుందని అడిగితే గ్లోస్టర్ ప్రభువు డబ్బు సంచిలో ఉన్నదని జవాబు. క్లారెన్స్ మేలుకొని, నన్ను వదిలితే నా తమ్ముడు గ్లోస్టర్ మీకు మంచి బహుమానం ఇస్తాడంటాడు. పంపినది ఆయనేనని వారు చెబుతారు. పొడిచి, మామ్సీ అనే తీపి ద్రాక్షసారా పీపాలో ముంచి చంపుతారు. పీపాలో ముంచడం షేక్స్‌పియర్ కల్పన కాదు. 1478లో క్లారెన్స్‌కు మరణశిక్ష అమలైన తరువాత వ్యాపించిన వదంతి అది. పని ముగిసిన తరువాత రెండవ హంతకుడు పశ్చాత్తాపపడి కూలి వద్దని వెళ్ళిపోతాడు. నాటకంలో అంతరాత్మ ఉన్న కొద్దిమందిలో ఒక కిరాయి హంతకుడు ఉండటం రచయిత చమత్కారం.

మూడవ అంకంలో పట్టాభిషేక ముహూర్తం నిర్ణయించే సభకు రిచర్డ్ ఆలస్యంగా, నవ్వుతూ వస్తాడు. ఈలీ బిషప్‌తో మీ తోటలో స్ట్రాబెర్రీలు చూశాను, కొన్ని తెప్పించండి అంటాడు. అది చూసిన హేస్టింగ్స్, ఈయన ముఖం చూస్తే మనసు తెలిసిపోతుందని, ఇంత నిష్కపటి మరొకడు లేడని మెచ్చుకుంటాడు. రిచర్డ్ బయటకు వెళ్ళి తిరిగి వచ్చేసరికి ముఖం మారిపోయి ఉంటుంది. మంత్రాలతో నా చేయి ఎండిపోయేటట్లు చేశారని చేయి చూపిస్తాడు. అది పుట్టుకతోనే అలా ఉన్నదని సభలో అందరికీ తెలుసు. అలా చేసి ఉంటే అని హేస్టింగ్స్ ఏదో అనబోతే, 'ఉంటే' అన్న ఆ ఒక్క మాటే రాజద్రోహంగా మారుతుంది. అతని తల చూసేదాకా భోజనం చేయనంటాడు రిచర్డ్. సభ్యులందరూ లేచి అతని వెంట వెళతారు.

తరువాత వచ్చేది కొంగజపం. లండన్ మేయరు, పౌరులు వచ్చి రాజ్యం స్వీకరించమని ప్రార్థించేటట్లు బకింగ్‌హామ్ ఏర్పాటు చేస్తాడు. అంతకుముందు సభలో ప్రజలు రాతిబొమ్మల్లా నిలబడిపోగా, సభ చివరన నిలిచిన తన మనుషులు ఓ పదిమంది టోపీలు ఎగరవేసి జై కొట్టారని, దానినే ప్రజామోదంగా ప్రకటించి వచ్చేశానని అతను చెబుతాడు. రిచర్డ్ ఇద్దరు మతగురువుల మధ్య, చేతిలో ప్రార్థనా పుస్తకంతో మేడపై కనిపిస్తాడు. వద్దు వద్దంటూ చివరకు ఒప్పుకుంటాడు. నాటకమంతటిలో ఇంత పచ్చిగా నవ్వు పుట్టించే రంగం మరొకటి లేదు. రాజకీయాలు తెలిసిన ఏ దేశపు ప్రేక్షకుడికైనా దీనిని వివరించనక్కరలేదు.

లేఖకుని మాట

పై రెండు దృశ్యాల మధ్య పద్నాలుగు పంక్తుల చిన్న రంగం ఒకటి ఉన్నది. చాలా ప్రదర్శనలలో దీనిని తీసివేస్తారు. అది సరికాదనే చెప్పాలి. పేరు కూడా లేని ఒక లేఖకుడు హేస్టింగ్స్‌పై నేరారోపణ పత్రం పట్టుకొని వస్తాడు. దీనికి మంచి ప్రతి వ్రాయడానికి తనకు పదకొండు గంటలు పట్టిందని, అసలు చిత్తుప్రతి తయారీకి కూడా అంతే సమయం పట్టి ఉంటుందని, అయితే హేస్టింగ్స్ అయిదు గంటల క్రితం వరకు ఏ నేరమూ మోపబడకుండా స్వేచ్ఛగా బ్రతికి ఉన్నాడని లెక్క చెబుతాడు. అనగా విచారణకంటే ముందే తీర్పు వ్రాసి పెట్టారు. ఈ మోసం కనిపించనంత మందబుద్ధి ఎవరికీ లేదు, కనిపించిందని చెప్పే ధైర్యం కూడా ఎవరికీ లేదన్నది అతని మాటల సారాంశం.

అంతవరకు రిచర్డ్ తెలివికి మిగిలినవారంతా మోసపోతున్నారని ప్రేక్షకుడు అనుకుంటూ ఉంటాడు. ఈ రంగంతో ఆ ఊహ తలక్రిందులవుతుంది. మోసపోయినవారు కొందరే. ఎక్కువమంది తెలిసి మౌనంగా ఉన్నవారు. తెలిసి మౌనంగా కూర్చున్నవారిలో నాటకం చూస్తున్నవారు కూడా ఉన్నారు.

నవ్వు ఆగిన చోటు

కిరీటం తలకెక్కిన క్షణం నుండి రిచర్డ్ హాస్యం ఎండిపోతుంది. సింహాసనం ఎక్కగానే అతను బకింగ్‌హామ్‌తో పిల్లలను చంపే మాట ఎత్తుతాడు. ఇంతకాలం సైగతోనే అర్థం చేసుకున్న బకింగ్‌హామ్ ఈసారి అర్థం కానట్లు నటిస్తాడు. రిచర్డ్ విసుగుతో స్పష్టంగా చెప్పవలసి వస్తుంది. ద్వంద్వార్థాల మీద బ్రతికిన పాత్రకు ఇదే పతనం. కాస్త ఆలోచించుకోవడానికి వ్యవధి అడిగినందుకు బకింగ్‌హామ్ శత్రువవుతాడు. అతను తనకు వాగ్దానం చేసిన హెరిఫర్డ్ జమీ అడిగితే రిచర్డ్ గంట ఎంతైందని అడుగుతాడు. ఇందులో హాస్యం ఉన్నా అది పెంకితనపు హాస్యం, ప్రేక్షకులతో పంచుకొనే హాస్యం కాదు.

పిల్లల హత్య వేదికపై జరగదు. టిరెల్ అనేవాడు వచ్చి, తాను పురమాయించిన హంతకులు ఒకరినొకరు కౌగిలించుకొని నిద్రపోతున్న ఆ పిల్లలను చూసి ఎలా తడబడ్డారో, ఎలా ఏడ్చారో చెబుతాడు. క్లారెన్స్ హంతకుల రంగానికి ఇది జవాబు. అక్కడ నవ్వించిన రచయిత ఇక్కడ నవ్వుకు చోటివ్వలేదు.

స్త్రీ పాత్రల బలం కూడా ఇక్కడే బయటపడుతుంది. ఆరవ హెన్రీ భార్య మార్గరెట్, రాణి ఎలిజబెత్, రిచర్డ్ తల్లి కలిసి తమ మృతులను పేరుపేరునా లెక్కపెట్టుకుంటారు. వృద్ధురాలైన మార్గరెట్ మొదటి అంకంలో పెట్టిన శాపాలు ఒక్కొక్కటే ఫలిస్తుంటాయి. చరిత్రలో మార్గరెట్ 1482లోనే ఫ్రాన్సులో మరణించింది. షేక్స్‌పియర్ ఆమెను బ్రతికించి తెచ్చింది రిచర్డ్ నవ్వుకు ఎదురు నిలబెట్టడానికే అనిపిస్తుంది. తరువాత రిచర్డ్ ఎలిజబెత్ కూతురిని తనకిమ్మని అడుగుతాడు. ఆమె ఇద్దరు కొడుకులను చంపినవాడు తనే. ఆన్ దగ్గర పనిచేసిన యుక్తులన్నీ మళ్ళీ ప్రయోగిస్తాడు. ఎలిజబెత్ ప్రతి మాటకు అంతకంటే పదునైన మాట విసురుతుంది. ఆమె వెళ్ళగానే గెలిచాననుకొని ఆమెను తేలికగా మాట్లాడుతాడు. ఆమె తన కూతురిని రిచ్‌మండ్‌కు ఇవ్వడానికి ఒప్పుకున్నదని ఆ వెంటనే వచ్చే రంగంలో తెలుస్తుంది. మొదటిసారి రిచర్డ్‌కు తెలియనిది ప్రేక్షకునికి తెలుస్తుంది. పొత్తు తెగిపోయింది.

బోస్వర్త్ యుద్ధానికి ముందు రాత్రి, అతను చంపిన పదకొండుమంది ప్రేతాలు వచ్చి శపిస్తాయి. ఉలిక్కిపడి లేచిన రిచర్డ్ చెప్పే స్వగతం నాటకం మొదటి స్వగతానికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ ప్రేక్షకులతో మాట్లాడినవాడు ఇక్కడ తనతో తానే వాదులాడుకుంటాడు. తనను ప్రేమించేవారు ఎవరూ లేరని, తనకే తనపై జాలి లేనప్పుడు ఇతరులకు ఎందుకుంటుందని అనుకుంటాడు. మరునాడు గుర్రం కూలిపోయి, కాలినడకన పోరాడుతూ, మరో గుర్రం కోసం కేకలు వేస్తూ మరణిస్తాడు.

రంగస్థలంపై

ఈ పాత్రను మొదట ధరించినవాడు రిచర్డ్ బర్బేజ్. న్యాయవిద్యార్థి జాన్ మానింగ్‌హామ్ 1602లో తన దినచర్య పుస్తకంలో ఒక కబురు వ్రాసుకున్నాడు. బర్బేజ్ వేషం చూసి మురిసిపోయిన ఒక పౌరస్త్రీ, మూడవ రిచర్డ్ పేరు చెప్పి రాత్రికి తన ఇంటికి రమ్మన్నదట. ఇది విన్న షేక్స్‌పియర్ ముందే వెళ్ళాడట. తలుపు దగ్గర మూడవ రిచర్డ్ వచ్చాడని కబురు అందగా, మూడవ రిచర్డ్ కంటే విజేత విలియం ముందువాడని బదులు పంపాడట. ఇది పుకారే కావచ్చు. అయినా గూనివాడు, శిశుహంతకుడు అయిన పాత్రను చూసి మనసు పారేసుకోవడం నమ్మదగిన విషయంగా ఆ కాలపువారికి తోచిందంటే పాత్ర ఆకర్షణ ఎటువంటిదో తెలుస్తుంది.

1700 ప్రాంతంలో నటుడు కాలీ సిబ్బర్ ఈ నాటకాన్ని తిరగవ్రాశాడు. మార్గరెట్‌ను, క్లారెన్స్‌ను తొలగించి, రిచర్డ్ పాత్రను మరింత పెంచాడు. ఈ ప్రతి నూట యాభై ఏళ్ళ పాటు అసలు నాటకాన్ని పక్కకు నెట్టింది. డేవిడ్ గారిక్ 1741లో లండన్‌లో ఒక్క రాత్రిలో ప్రసిద్ధుడైనది, ఎడ్మండ్ కీన్ 1814లో జనాన్ని ఉర్రూతలూగించినది ఈ సిబ్బర్ ప్రతితోనే. శాపాలు పెట్టే మార్గరెట్ లేకపోవడంతో ఆ ప్రదర్శనలలో రిచర్డ్‌కు ఎదురు లేకుండా పోయింది. 1877లో హెన్రీ ఇర్వింగ్ షేక్స్‌పియర్ పాఠానికి తిరిగి వచ్చాడు.

ఇరవయ్యవ శతాబ్దంలో లారెన్స్ ఒలీవియర్ 1944లో రంగస్థలంపై, 1955లో చలనచిత్రంలో ఈ పాత్రను ధరించాడు. చిత్రంలో అతను కెమెరా కంటిలోకి సూటిగా చూస్తూ మాట్లాడటం స్వగతానికి కొత్త రూపమిచ్చింది. 1984లో ఆంటొనీ షేర్ రెండు చంకకర్రలతో వేదికంతా సాలెపురుగులా తిరుగుతూ నటించాడు. ఇయాన్ మెకెలెన్ 1995 చిత్రం కథను 1930ల నాటి ఫాసిస్టు ఇంగ్లండుకు మార్చింది. అంతకుముందే జర్మన్ రచయిత బెర్టోల్ట్ బ్రెష్ట్ 1941లో హిట్లర్‌ను షికాగో రౌడీగా చూపుతూ వ్రాసిన 'ఆర్టురో ఊయి' నాటకంలో శవపేటిక పక్కన ప్రేమ రంగాన్ని అనుకరించాడు. 1990లో బీబీసీ ప్రసారం చేసిన 'హౌస్ ఆఫ్ కార్డ్స్' ధారావాహికలో ప్రేక్షకులతో మాట్లాడే రాజకీయ నాయకుడు కూడా రిచర్డ్ వారసుడే. 2022లో రాయల్ షేక్స్‌పియర్ కంపెనీ ఆర్థర్ హ్యూజ్‌కు ఈ పాత్ర ఇచ్చింది. ఆ సంస్థలో అంగవైకల్యం గల నటుడు రిచర్డ్‌గా నటించడం అదే మొదలు.

చరిత్రలో రిచర్డ్

నాటకంలోని రిచర్డ్ ఎంత ఆకర్షణీయుడో చరిత్రలోని రిచర్డ్‌కు అంత అన్యాయం జరిగింది. అతను 1452 అక్టోబరు 2న జన్మించి, 1483 జూలై 6న పట్టాభిషిక్తుడై, 1485 ఆగస్టు 22న బోస్వర్త్‌లో మరణించాడు. 1471లో అతనికి పద్దెనిమిదేళ్ళు. క్లారెన్స్ మరణానికి ఆజ్ఞ ఇచ్చినది రాజు ఎడ్వర్డే. ఆన్‌ను అతను విషమిచ్చి చంపాడనడానికి ఆధారం లేదు. పన్నెండేళ్ళ అయిదవ ఎడ్వర్డ్, తొమ్మిదేళ్ళ అతని తమ్ముడు టవర్‌లో 1483 తరువాత కనిపించకపోవడం మాత్రం నిజం. వారికి ఏమైనదన్న వివాదం నేటికీ తెగలేదు. రిచర్డ్‌ను ఓడించిన ఏడవ హెన్రీ మనుమరాలు మొదటి ఎలిజబెత్ పాలనలో ఈ నాటకం వ్రాయబడిందన్నది మరువరాదు.

1924లో రిచర్డ్ అభిమానులు అతని పేరు నిలబెట్టడానికి ఒక సంఘం స్థాపించారు. 2012లో లెస్టర్ నగరంలో ఒక కార్ పార్కింగ్ స్థలం కింద, పూర్వం మఠం ఉన్నచోట అస్థిపంజరం బయటపడింది. అది రిచర్డ్‌దేనని 2013 ఫిబ్రవరిలో ప్రకటించారు. వెన్నెముక పక్కకు వంగి ఒక భుజం ఎత్తుగా ఉండి ఉండవచ్చునని, అయితే గూని గాని, ఎండిన చేయి గాని లేవని పరీక్షలలో తేలింది. 2015 మార్చి 26న లెస్టర్ కెథెడ్రల్‌లో ఆ అస్థికలను తిరిగి ఖననం చేశారు. హేస్టింగ్స్ ప్రాణం తీసిన ఆ ఎండిన చేయి అసలు లేనే లేదన్నమాట.

ఇతర నాటకాలతో పోలిక

షేక్స్‌పియరే తరువాత వ్రాసిన 'ఒథెల్లో'లో ఇయాగో, 'కింగ్ లియర్'లో ఎడ్మండ్ ఇదే పద్ధతిలో ప్రేక్షకులతో రహస్యాలు పంచుకుంటారు. ఇయాగోలో నవ్వు తక్కువ, విషం ఎక్కువ. బెన్ జాన్సన్ 'వోల్పోనీ'లో చావుబ్రతుకుల మధ్య ఉన్నట్లు నటిస్తూ ఆస్తికి ఆశపడేవారిని దోచుకునే ధనికుడు కూడా ఈ వరుసలోనివాడే.

సంస్కృత నాటకాలలో శూద్రకుని 'మృచ్ఛకటికం'లోని శకారుడు నవ్వించే దుర్మార్గుడు. రాజు బావమరిదినన్న గర్వంతో తిరుగుతూ, పురాణ పాత్రలను కలగాపులగం చేసి మాట్లాడి నవ్విస్తాడు. అదే మనిషి వసంతసేన గొంతు నులిమి, ఆ నేరాన్ని చారుదత్తునిపై మోపుతాడు. అయితే ప్రేక్షకుడు శకారుని చూసి నవ్వుతాడు గాని అతనితో కలిసి నవ్వడు. తెలివిలేనివాడితో పొత్తు కుదరదు.

తెలుగులో ఆ పొత్తు కుదిరిన పాత్ర గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' (తొలి ప్రదర్శన 1892, తిరగవ్రాసిన ప్రతి 1909) లోని గిరీశం. అతను ఎవరినీ చంపడు, కనుక రిచర్డ్‌తో సమానుడని అనలేము. పూటకూళ్ళమ్మ డబ్బు కాజేయడం, శిష్యుడు వెంకటేశాన్ని చెడగొట్టడం, సంస్కరణ కబుర్లు చెప్పి బాలవితంతువు బుచ్చమ్మను లేవదీసుకుపోవడం అతని నేరాలు. నాటకం కూడా రిచర్డ్ నాటకంలాగే అతని స్వగతంతో మొదలవుతుంది. వెనుక పసిపిల్లలను ముసలివారికి అమ్మే ఘోరం నడుస్తున్నా గిరీశం నోరు విప్పితే జనం నవ్వుతారు. చివర సౌజన్యారావు పంతులు ఎదుట గుట్టు బయటపడినప్పుడు కూడా అతను ఒక చమత్కారం విసిరి వెళ్ళిపోతాడు. రిచర్డ్‌కు మిగలని ఆ చివరి చమత్కారాన్ని గురజాడ గిరీశానికి మిగిల్చాడు. అందుకే కాబోలు, తెలుగువారు గిరీశాన్ని తిట్టుకుంటూనే అతని మాటలను నిత్యవ్యవహారంలో వాడుకుంటుంటారు.